అక్కా, ఇల్లు సంగతి

అక్కా,

బావగారు ఫోన్ చేసినప్పుడల్లా ఇల్లెప్పుడు కొంటావురా అంటున్నారు కదా, అది ఫోన్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా.

మొన్నాదివారం ఇక్కడే న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ అనే చోట ఒక ఇల్లు చూసొచ్చాం. ఒకప్పుడు అక్కడ బంగాళాదుంప పొలాలుండేవి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి లక్షలమంది సైనికులు తిరిగొచ్చారు, ఉండటానికి ఇళ్ళు లేవు, అప్పుడు విలియం లెవిట్ అనే బిల్డర్ 1947 నుంచి 1951 లోపు 17 వేలకు పైగా ఇళ్ళు కట్టేశాడు, ఒక గుంపు పునాది పోసి పక్క ప్లాట్‌కి పోతే వెనకాలే ఇంకో గుంపు గోడలు లేపడం, ఇంకోళ్ళు రంగులేయడం, అలా. మొదటివి 750 చదరపు అడుగులే, అన్నీ ఒకేలా. మేం చూసింది 1950 నాటిది, మెట్ల పక్క గోడలో గూడు ఉంది, టీవీ అందులోనే బిగించి అమ్మేవాళ్ళంట!

ఇళ్ళు లేనివాళ్ళకి అది వరమే, కాదనను. కానీ అప్పటి రూల్స్ చూడు, వారం వారం గడ్డి కోయాలి, కంచె వేయకూడదు, శని ఆదివారాలు బట్టలు బయట ఆరేయకూడదు. ఇదైనా సరిపెట్టుకోవచ్చు. తెల్లవాళ్ళు తప్ప ఇంకెవరూ ఉండకూడదని, ఇంటి పనివాళ్ళయితే ఫర్వాలేదని మొదట్లో అగ్రిమెంట్‌లోనే రాసుకున్నారు. అదే యుద్ధం చేసొచ్చిన నల్లజాతి సైనికుడికి కూడా అక్కడ ఇల్లు లేదక్కా. 1957లో, అదే లెవిట్ పెన్సిల్వేనియాలో కట్టిన ఇంకో లెవిట్‌టౌన్‌లో మైయర్స్ అనే నల్లజాతి దంపతులు ఇల్లు కొంటే జనం రోజుల తరబడి గుమిగూడి రాళ్ళేశారు. అది చదివాక నాకు కడుపు రగిలిపోయింది.

ఇప్పుడు మనవాళ్ళ పార్టీకెళ్తే మాటలన్నీ ఎన్ని బెడ్రూములు, ఏ కారు, బేస్‌మెంట్‌లో థియేటర్ పెట్టించావా అనే. అందరిలా కనపడాలన్న ఆ తాపత్రయం మనకీ పట్టుకుంది. నెహ్రూ గారి కాలంలో ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న ఆర్థికవేత్త గాల్‌బ్రెయిత్ 1958లోనే మొత్తుకున్నాడు, ఇళ్ళల్లో వస్తువులు పేరుకుపోతున్నాయి, స్కూళ్ళూ పార్కులూ మాత్రం పట్టించుకునే దిక్కులేక పోతున్నాయి అని.

నాకు పెద్ద ఇల్లొద్దు. పిల్లలు నడిచెళ్ళేంత దూరంలో లైబ్రరీ, బడి, పక్కింట్లో రకరకాల మనుషులు, అది కావాలి. అలాంటిదొకటి న్యూయార్క్ సిటీలోనే క్వీన్స్ అనే చోట ఉందంటున్నారు, పాతదే, రెండు బెడ్రూములు. వచ్చేవారం చూస్తాం. బావగారికి ఇదంతా చదివి వినిపించు, కోప్పడితే నాకు ఫోన్ చేయమను, అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ తమ్ముడు