సర్జికల్ వార్డు వరండాలో అన్నం పెట్టిన అమ్మకు కృతజ్ఞతలు

దేవునికి స్తోత్రం. మా నాన్నగారిని నిన్న సాయంత్రం ఇంటికి తీసుకువచ్చాము. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మోకాలు దక్కింది, ప్రాణం దక్కింది. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను.

షుగరు పుండు బొటనవేలి దగ్గర మొదలై పాదమంతా నల్లబడింది. అంబులెన్సు ఎదుర్లంక వంతెన దాటేసరికే ఆయన ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆస్పత్రిలో చూసీ చూడగానే కాలు తీయాలన్నారు, సంతకం చేయమని కాగితం చేతికిచ్చారు.

ఇక ఫోన్లు. కాలు తీయనివ్వొద్దని ప్రభువు తనకు చూపించాడని ఒకరు. సంతకం పెడితే అవిశ్వాసమేనని మరొకరు. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి ఈ గోదావరి డెల్టాకు వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతుల సేవతో మొదలైన బ్రదరన్ క్రైస్తవ సంఘాల్లో పెరిగినవాళ్లం మేము. కష్టం వస్తే వాక్యం తెరిచి మోకరించడమే మాకు నేర్పారు. తెరిచాను. ‘నీ వాక్యము నా పాదములకు దీపము’ అని కనిపించింది. పాదం అన్న మాట దగ్గరే కళ్లు మసకబారాయి, ముందుకు చదవలేకపోయాను. ఏ దారి ప్రభువా అని అడుగుతూనే ఉన్నాను. ఏమీ వినిపించలేదు.

పక్క మంచం పేషెంటు భార్య, అరవై దాటిన మనిషి, నుదుట ఇంత కుంకుమ బొట్టు. గౌతమి ఒడ్డున ఏదో లంక గ్రామం అన్నారు. నా దగ్గరికి వచ్చి, “ఎప్పుడు తిన్నావు తల్లీ?” అని అడిగారు. నాకు గుర్తు రాలేదు. ఆవిడ క్యారియర్ మూతలో పెరుగన్నం కలిపి, అంచున మాగాయ ముక్క పెట్టి, నా చేతిలో ఉంచారు. తిన్నాక వరండాలో తన పాత చీర పరిచి, “సెలైన్ అయిపోతే నర్సమ్మను నేను పిలుస్తాను, నువ్వు పడుకో” అన్నారు. సొంత భర్తకు సేవ చేస్తూ మా నాన్నగారినీ చూసుకున్నారు. లేచాక చెప్పారు. ఆవిడ భర్తకు మొదట రెండు వేళ్లే తీస్తామన్నారట. చుట్టాలు ఆగమన్నారు. చివరికి తొడ వరకు పోయింది. “ఆగినకొద్దీ పైకి పాకుతుందమ్మా. రాత్రి డ్యూటీలో చిన్న డాక్టరుగారు నింపాదిగా చెబుతారు. మోకాలు మిగులుతుందా అని అడుగు.” అడిగాను. మోకాలు ఉంటే కృత్రిమ కాలుతో నడవడం చాలా తేలికని ఆయన బొమ్మ గీసి చూపించారు. సంతకం పెట్టాను.

బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు వెంటనే దారి చెప్పలేదు. దూతను పంపి, రెండుసార్లు తట్టి లేపి, అన్నం తినిపించాడు. హోరేబు కొండ మీద మాట్లాడింది ఆ తర్వాతే. ఆదివారపు బడిలో ఎన్నిసార్లు విన్న కథో ఇది. ఆ దూత కుంకుమ బొట్టుతో వస్తుందని ఎవరూ చెప్పలేదు. నేను స్కానింగు దగ్గర ఉండగా వాళ్లు డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. పేరైనా అడగలేదు.

మా ఆయన, తమ్ముడు, మరదలు రాత్రింబగళ్లు తిరిగారు. వాళ్లకు వేరే చెప్పాలా.

ఒక మాట మాత్రం అనకుండా ఉండలేను. ఉచిత వైద్యం కార్డు కోసం నాన్నగారి వేలిముద్ర యంత్రంలో పడలేదు. నలభై ఏళ్లు కొబ్బరికాయలు ఒలిచిన వేళ్లవి, గీతలు ఎక్కడ మిగులుతాయి? “రేపు రండి” అన్నారు. మర్నాడూ అదే మాట. పుండు రేపటిదాకా ఆగుతుందా? అంత పెద్ద ఆస్పత్రిలో పేషెంటు వెంట వచ్చిన ఆడవాళ్లు నడుం వాల్చడానికి ఒక గది లేదు. ఎవరికి చెప్పాలో కూడా తెలియదు.

రక్తం ఇచ్చిన కాలేజీ పిల్లలకు, ఆదివారం రొట్టె విరిచే ఆరాధన ముగియగానే బస్సెక్కి వచ్చిన సంఘ పెద్దలకు వందనాలు. డబ్బులు తీసుకోని ఆటో అన్నయ్యకు కూడా. అయ్యో, బొమ్మ గీసిన చిన్న డాక్టరుగారిని మరిచేదాన్ని. నాన్నగారి కళ్లజోడు మంచం కింద వెతికి, తుడిచి ఇచ్చిన స్వీపరమ్మను కూడా.

ఆ లంక అమ్మ ఎవరో తెలిసినవాళ్లు ఉంటే, మోకాలు మిగిలిందని ఆవిడకు చెప్పండి.