గాలిని పుట్టించవచ్చు, గొంతును కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘ఎస్కిమో’ ఆల్బం మీద వచ్చిన వ్యాసం చదివాను. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన ‘ది రెసిడెంట్స్’ బృందం 1979లో తెచ్చిన ఆ రికార్డును ఒక తెలుగు పత్రిక తలుచుకోవడం సంతోషమే. కానీ దాన్ని ధ్రువప్రాంత ప్రజల అసలు సంగీతమని రాయడం ఏం న్యాయం? అది స్టూడియోలో అల్లిన కల్పన.

కల్పన అన్నానని తీసిపారేస్తున్నాననుకోవద్దు. పరిషత్తు నాటకాలకు చాలా ఏళ్లు ధ్వని సమకూర్చినవాణ్ణి, గాలి సంగతి కొంచెం తెలుసు. గాలికి ఎదురుగా మైకు పెడితే గాలి వినిపించదు. మైకు లోపలి పలుచని పొర మీద దెబ్బలు పడి భర్రుమనే రొద ఒక్కటే వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతంలో గాలులతో విశాఖ మీద పడినప్పుడు మా వీధి కుర్రాళ్లు ఫోన్లలో తీసిన వీడియోలన్నీ ఆ రొదే. ఆ రోజు చెవిన పడినవి వేరు. కిటికీ గడియ అదే పనిగా కొట్టుకోవడం, ఎవరిదో ఇంటి రేకు లేచిపోయి రోడ్డంతా గీసుకుంటూ పోవడం, మధ్యాహ్నం తుపాను కన్ను ఊరి మీదికి వచ్చేసరికి అన్నీ ఆగిపోయి పక్క వాటాలో చంటిపిల్ల ఏడుపు తేటగా వినబడటం, అంతలోనే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అందుకోవడం. ఇది శ్రోతకు చేరాలంటే ఎవరో ఒకరు కూర్చుని పుట్టించాల్సిందే.

మేమూ పుట్టించినవాళ్లమే. చెక్క పీపా మీద కాన్వాసు బిగించి పిడి తిప్పితే గాలి, వేలాడదీసిన రేకును ఊపితే ఉరుము. కార్గిల్ నాటకంలో జవాను మంచులో నడవాలి. గుడ్డసంచిలో మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) పోసి, మైకుకు జానెడు దూరంలో పిడికిలితో నొక్కితే కిర్రు కిర్రుమని అడుగులు పడేవి. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ కూర్చున్న జనం కూడా ఆ చప్పుడుకు చేతులు ముడుచుకునేవారు!

అందుకే ‘ఎస్కిమో’లో సింథసైజరు అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో చేసిన చలిగాలికి నాకు అభ్యంతరం లేదు, అసూయే ఉంది. పాట అంటూ ఏదీ ఉండదు. రికార్డు అట్ట మీది కథ చదువుకుంటూ వినాలి. వాల్రస్ అనే దంతాల సముద్రజంతువు వేట, ప్రసవం, బిడ్డను ఎత్తుకుపోయే ఆత్మ. గాలి ముందు, మనిషి వెనక. రాత్రిపూట హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే కాళ్లు చల్లబడతాయి.

నా పేచీ మాటలతో. అందులోని మంత్రాలు ఏ జాతి మంత్రాలూ కావు. చెవి పెట్టి వింటే కోకాకోలాతో సహా ఇంగ్లీషు ప్రకటనల నినాదాలు బయటపడతాయి. ఆ ప్రజలను ప్రభుత్వ ఇళ్లలోకి తరలించారనీ, ఇప్పుడు వాళ్లు టీవీ ముందు పొద్దుపుచ్చుతున్నారనీ అట్ట మీద రాశారు కాబట్టి అదంతా వ్యంగ్యమేనని అభిమానులు సమర్థిస్తారు. కావచ్చు. మరుసటి ఏడాదే దాన్ని డిస్కోగా మార్చి ‘డిస్కోమో’ అని వదలడమూ వ్యంగ్యమే కావచ్చు. తమ ముఖాలకు కనుగుడ్డు ముసుగులు తగిలించుకున్నవాళ్లు పరాయివాళ్ల నోట ఏ మాటైనా పెట్టవచ్చన్నమాట. హాస్యపాత్ర అనగానే ఉత్తరాంధ్ర యాస తగిలించే నాటకాలూ సినిమాలూ చూసి చూసి విసిగిన ఊరివాళ్లం, మనకైనా ఇది తట్టాలి కదా. ‘నేనిలా వీచను’ అని గాలి వచ్చి అడగదు. మనుషులు అడుగుతారు.

ఆ ధ్రువప్రాంత ప్రజల్లోని ఇన్యూట్ జాతి స్త్రీలకు ‘కటజ్జాక్’ అనే గొంతు ఆట ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరి ఊపిరి సందులో మరొకరు శబ్దం అందిస్తారు. ముందు నవ్వినవారు, ఊపిరి తప్పినవారు ఓడినట్లు. క్రైస్తవ మిషనరీలు దాన్ని చాలాకాలం అణచివేశారు. ఆ గొంతు ఆటనే కొత్తదారి పట్టించిన తాన్యా టగాక్, ఉత్తర కెనడాలో నునావుట్‌లోని కేంబ్రిడ్జ్ బే మనిషి, ‘యానిమిజం’ ఆల్బంకు ఆ దేశపు ఉత్తమ ఆల్బంకిచ్చే పొలారిస్ బహుమతి అందుకున్నది కూడా 2014లోనే, మన హుద్‌హుద్‌కు కొద్ది వారాల ముందు. పేజీ నిండా రాసిన వ్యాసంలో ఆమె ఊసే లేదు.

విశాఖ యువ సంగీతకారులు తుపాను మీద ఇలాంటి ఆల్బం చేయాలని మీ వ్యాసకర్త పిలుపునిచ్చారు. తప్పకుండా చేయాలి. గాలిని కంప్యూటర్‌తో పుట్టిస్తారో, అటక మీదున్న మా పీపా పట్టుకెళతారో వాళ్లిష్టం. పడవలు పోగొట్టుకున్నవాళ్ల మాట కావాల్సిన చోట మాత్రం యాస పలికే నటుణ్ణి తేవద్దు. మత్స్యకారులుండే పెదజాలారిపేట వెళ్లి వాళ్లనే మాట్లాడించాలి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో వాళ్లనే అడగాలి, అట్ట మీద పేర్లు వేయాలి, వాద్యకారులకు ఇచ్చినంత డబ్బూ ఇవ్వాలి.

– ఒక నాటక ధ్వని కళాకారుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం