బుగ్గలు (బెలూన్లు) కాల్చే తుపాకులు నాలుగూ మళ్లీ విప్పుతున్నాను

పోయినేడు కురుమూర్తి జాతరకు ముందు దేవరకద్రలో మా ఇంటి షెడ్డులో బుగ్గల దుకాణం ఎయిర్‌గన్‌కు కొత్త బారెల్ వేయించుకున్న నలుగురూ ఇది తప్పక చదవండి. "బారెల్ మార్చినా దెబ్బ పక్కకే పోతుంది, గిరాకీలు గొడవ పెడుతున్నారు" అని మీరు ఫోన్ చేస్తే, కాల్చేవాళ్లకు చేతకాదులే అనేశాను. తప్పు నాదే.

మొన్న అందులో ఒకటి తిరిగి వచ్చింది. పెల్లెట్‌ను (ఎయిర్‌గన్ గుండును) సన్న పుల్లతో గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నెట్టి చూశాను. మొదట బిగువుగా పోయింది, నడుమ జర్రున జారింది, మళ్లీ బిగిసింది. లోపలి కొలత ఒక్క తీరుగా లేదు. వదులైన చోట గాలి పక్క నుంచి తప్పించుకుంటే ఇక గురి ఎక్కడ నిలుస్తుంది? చవకగా దొరికాయని నాలుగూ ఒకేచోట కొన్నాను. బిగించేముందు ఈ పుల్ల పరీక్షకు రెండు నిమిషాలు చాలు. జాతర దగ్గర పడిందన్న టెన్షన్‌లో చేయలేదు.

బుగ్గలు పగలకుండా గురి కాస్త వంచమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయనని గొప్పగా చెప్పేవాణ్ని. నా బారెళ్లు ఊరికే చేసి పెట్టాయి!

నాలుగూ మారుస్తాను, పైసా తీసుకోను. దీపావళి దాటగానే కురుమూర్తిలో ఉద్దాల (స్వామి పాదుకల) ఉత్సవానికి మీరు దుకాణాలు పెట్టాలి కాబట్టి అప్పటిదాకా కొత్త పని పట్టను.

పిస్టన్ తోలు వాషర్లు కూడా చూస్తాను. సైకిల్ పంపులో ఉండేలాంటిదే, ఎండితే ముడుచుకుని గాలి పట్టదు. అలాగని ఇంజిన్ ఆయిల్ పోయకండి. లోపల నొక్కుకున్న గాలి వేడికి నూనె అంటుకుంటుంది. చప్పుడు పెరిగిందని మురిసిపోతారు, తోలు మాడుతుంది, స్ప్రింగ్ పోతుంది. స్ప్రింగ్ ఎక్కించడానికి గొట్టం వంచి ఉండగా ట్రిగ్గర్ నొక్కనివ్వకండి, అది ఎగిరి కొట్టుకుని పైకి వంగిపోతుంది.

తాతల నాటి భర్మార్లు (మూతి నుంచి మందు కూరి కాల్చే నాటు తుపాకులు) మాత్రం తేవద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం నిజం తుపాకి బాగుచేయడానికి లైసెన్స్ కావాలి, నాకు లేదు. కౌజు పిట్టల వేట కోసం ఎయిర్‌గన్ స్ప్రింగ్ గట్టిది వేయమన్నా వేయను.

తుపాకులు బస్సులో పంపకండి. పోయినసారి సంచిలోంచి గొట్టం బయటికి కనబడి కండక్టర్ బస్సు ఆపేశాడట. నేనే బండి మీద వచ్చి తీసుకెళ్తాను.