పింఛను పెంచారు, అద్దె సంగతీ చూడండి

గౌరవనీయులైన మంత్రి డోలా శ్రీ బాల వీరాంజనేయస్వామి గారికి,

ఒంగోలు నుంచి ఒక దివ్యాంగుడి నమస్కారాలు. మా సంక్షేమ శాఖ మీ చేతిలోనే ఉంది, పైగా మీరు మా జిల్లా కొండపి ఎమ్మెల్యే. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

2024 జూలై నుంచి మా పింఛను 3 వేల నుంచి 6 వేలైంది. అదెంత ఊరటో తీసుకునేవాళ్లకే తెలుసు. కానీ అద్దెకుండేవాడి చేతిలో ఆ డబ్బు నిలవదు. మంగమూరు రోడ్డు వైపు నేనుండే గదికి అద్దె 4 వేలు, కరెంటు వేరే. మేడ మీద గదులు ఇంతకంటే తక్కువకే దొరుకుతాయి. మెట్లెక్కలేని పాపానికి మేం నెలనెలా ఎక్కువ కడుతున్నామన్నమాట.

పోనీ కింది పోర్షనైతే కష్టాలు తీరతాయా? వాకిట్లో మూడు మెట్లు. బాత్‌రూమ్ తలుపులో వీల్‌చైర్ పట్టదు. బయటే ఆపి, తడి నేల మీద దేక్కుంటూ లోపలికి పోవాలి. నా డబ్బుతోనే ర్యాంపు పోయించుకుంటానంటే ఇంటావిడ "మరి ముగ్గెక్కడ వేసుకోనయ్యా?" అన్నారు. ఆమెను అని లాభం లేదు, ఇల్లు ఆమెది. కొందరు ఓనర్లయితే మూడు చక్రాల బండిని చూడగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. టులెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంటుంది.

ఇళ్ల పథకాల్లో మాకు 5 శాతం ఇవ్వాలనీ, అందులో ఆడవాళ్లకు ప్రాధాన్యం ఉండాలనీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ చెబుతోంది. పట్టణాల్లో పేదలకు ప్రభుత్వం కట్టే టిడ్కో ఇళ్లేమో జీ ప్లస్ త్రీ, అంటే కింద ఒకటి, దాని మీద మూడు అంతస్తులు. నాలుగింట మూడు మెట్ల పైనే. మూడో అంతస్తులో ఇల్లిచ్చినా కాగితం మీద 5 శాతం లెక్క సరిపోతుంది, ఆ ఇంట్లోకి మేం పోగలమా అన్నది వేరే సంగతి. టిడ్కో చూసే మున్సిపల్ మంత్రి నారాయణ గారు పక్కనే నెల్లూరు ఎమ్మెల్యే. కేబినెట్‌లో మీరిద్దరూ కలుస్తూనే ఉంటారు కదా! కింది ఇళ్లు ముందు దివ్యాంగులకు, మిగిలినవే లాటరీకి అని ఒక ఉత్తర్వు ఇప్పించండి. దానికి ఖజానా నుంచి పెద్దగా తీయాల్సిన పని కూడా లేదు.

ఆ ఇల్లు వచ్చేదాకా అద్దె సాయం ఇవ్వండి. నేను అసలు అడగొచ్చింది ఇదే. వైకల్యం 40 శాతం పైనా, సొంతిల్లు లేదా, అద్దెకుంటున్నారా అన్నవి వార్డు సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి చూసి రాసుకోవచ్చు. పింఛనుతో పాటే ఆ డబ్బూ చేతికిస్తే చాలు. దయచేసి మళ్లీ కొత్త సర్టిఫికెట్ మాత్రం అడగొద్దు. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ల వెరిఫికేషన్ టెన్షనే మాలో చాలామందికి ఇంకా పోలేదు.

జీవో రాసేటప్పుడు అడ్వాన్సునూ మరవకండి. రెండు నెలల అద్దె ముందే చేతిలో పెట్టందే మా వైపు ఎవరూ తాళంచెవి ఇవ్వరు. మాలాంటివాళ్లం చాలాసార్లు ఆగిపోయేది అక్కడే.

ఇట్లు,
అద్దె ఇంట్లో ఉంటున్న ఒక ఒంగోలు వాసి