కార్యదర్శి వార్షిక నివేదిక: కోరంగి ఓడల వెనకాల ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది మన పనంతా కాకినాడ దగ్గర గోదావరి మొగలో ఉన్న పాత కోరంగి రేవు, అక్కడి తెరచాప ఓడల చుట్టూనే తిరిగింది. నెలవారీ సమావేశాలు వానల వల్ల రెండు తప్పాయి, మిగతావి జరిగాయి. పుస్తకాలకు కొత్త బీరువా వచ్చింది, తాళం మాత్రం ఇంకా సరిగ్గా పడట్లేదు.

ముందు మన తప్పు చెప్పుకోవాలి. ప్రదర్శన కోసం వేయించిన ఫ్లెక్సీ మీద “1839 నవంబరు 25 తుపానులో 20,000 ఓడలు మునిగాయి, 3 లక్షల మంది పోయారు” అని పెద్దక్షరాలతో రాయించాం. అన్నిచోట్లా కనిపించే మాటే అది. మన పాత సభ్యులు ఒకాయన దాని ముందు నిలబడి, “ఇన్ని ఓడలకు లంగరు వేసే చోటు కోరంగిలో ఎక్కడిదండీ?” అన్నారు. ఎవరికీ నోరు పెగల్లేదు. తిరిగి చదివితే, 1789 డిసెంబరు ఉప్పెనలో పోయిన జనం కూడా 20,000 అనే కనిపించింది. రెండు ఉప్పెనల లెక్కలు ఎక్కడో కలిసిపోయాయని నా అనుమానం. అంకెల మీద తెల్ల కాగితం అంటించాం.

అంకెలు పక్కన పెట్టినా జరిగింది చిన్న విషయం కాదు. 1789లో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి ఊరి మీద పడ్డాయి. ఏటి మొగలో లంగరేసి ఉన్న ఓడలు కొట్టుకుపోయి యానాం చుట్టుపక్కల మైదానాల్లో తేలాయి. 1839లో ఉప్పెన దాదాపు 40 అడుగులు లేచిందంటారు. ఆ తుపాను మీద కలకత్తాలో ఉండి తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. ‘సైక్లోన్’ అనే మాట పుట్టించింది ఆయనే. మనం రోజూ వార్తల్లో వినే మాట వెనకాల మన ఊరి ఓడలు కూడా ఉన్నాయన్నమాట.

ఊరు మాత్రం ఆ దెబ్బతోనే పోలేదు. తుపాను ముంచిన రేవు అని అందరం చెప్పుకుంటాం, నేనూ అలాగే నమ్మాను. జనవరిలో మన పడవ ప్రయాణం ఆ నమ్మకాన్ని వదిలించింది. మడ అడవి పాయలోకి పదకొండు మందిమి వెళ్లాం. పాటు సమయం, అంటే నీరు వెనక్కి తీసే వేళ, చూసుకోకుండా బయల్దేరడం నా తప్పే. పడవ ఒండ్రులో కూరుకుపోయి పోటు వచ్చేదాకా రెండు గంటలు కదల్లేదు. గెడ వేస్తే మూరెడు లోతున మెత్తగా దిగబడుతోంది, పైకి లాగితే నల్లటి బురద జిగురులా సాగుతోంది. ఒకప్పుడు ఇక్కడ పెద్ద ఓడలు మరమ్మతుకు వచ్చేవని నేను చెప్పబోతే, పడవాయన నవ్వి, “ఓడలేంటండీ బాబూ, నా పడవే వెళ్లట్లేదు, ఆయ్” అన్నాడు.

నిజానికి ఒకప్పుడు కలకత్తాకూ, సింహళంలోని తిరుకోణమలకూ మధ్య పెద్ద ఓడను మరమ్మతుకు డాక్‌లో పెట్టగల చోటు ఇదొక్కటే అని పేరుండేది. గోదావరి ఏటేటా తెచ్చి పోసిన మట్టితో మొగ పూడిపోయింది. ఎదురుగా కనిపించే హోప్ ఐలాండ్ కూడా ఆ మట్టీ ఇసుకా పేర్చిన దిబ్బే. పొగ ఓడలొచ్చాక వ్యాపారం కాకినాడకు మళ్లింది. మనవాళ్లు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లడం మాత్రం ఆగలేదు. బర్మాలో దక్షిణాదివాళ్లను ఈ ఊరి పేరుతోనే ‘కోరంగీలు’ అన్నారు, అదీ గౌరవంగా కాదు. 1930లో రంగం రేవులో తెలుగు కూలీల మీద పడ్డ దాడులు వేరే చర్చ, దానికి వచ్చే ఏడాది ఒక సమావేశం పెడదాం.

ఇక స్కూనర్ల మాట. సమావేశంలో ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి. స్కూనర్ ఒక రకం తెరచాప ఓడ. దానికి చాపలు కట్టే కొయ్యలు రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటాయి, చాపలు అడ్డంగా కాక ఓడ పొడవు వెంట ఉంటాయి. కళాసీలు, అంటే ఓడ పనివాళ్లు, తక్కువమందే ఉన్నా నడుస్తుంది, కాబట్టి తీరం వెంట సరుకు తిప్పేవాళ్లకు గిట్టుబాటు.

ఈ ఏడాది నాకు బాగా నచ్చింది మాత్రం తాళ్లరేవులో ఒక ఇంటి ద్వారబంధం. పాత ఓడ పలకతో చేసిందని ఇంటివాళ్లు చెబుతారు. పైభాగాన వరసగా చతురస్రపు మేకు రంధ్రాలు, ఒకదానిలో తుప్పుపట్టిన ఇనుము ఇంకా ఉంది. అంచున సందులో దూదీ గుగ్గిలమూ కూరిన నల్లటి గీత, వేలితో గీకితే పొడి రాలింది. ఏ ఓడది, ఎప్పుడు విరిగింది అనేది మనం చెప్పలేం. ఆ ఇంటావిడ, “పసుపు రాసే చోటు వదిలేసి ఫొటో తీసుకోండి” అన్నారు. అలాగే తీశాం.

ఖర్చుల పట్టిక కోశాధికారి చదువుతారు. ఫ్లెక్సీ దండగ అందులో విడిగా రాయమన్నాను. మీ ఇళ్లల్లో ఓడలు నడిపే సరంగులు, తండేళ్లుగా పనిచేసిన తాతల కాగితాలు ఏవైనా ఉంటే తీసుకురండి, నకలు తీసుకుని అక్కడికక్కడే ఇచ్చేస్తాం. ఈసారి పడవ ప్రయాణం పోటు వేళ చూసుకునే పెడతాం.