బీరువాలోని గ్లోబు గురించి విద్యాశాఖ మంత్రి గారికి ఒక లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. బదిలీల గురించో, పింఛను గురించో రాస్తున్నానని అనుకోకండి. ఒక గ్లోబు గురించి రాస్తున్నాను.

నేను చివరగా పనిచేసిన బడిలో అది ప్రధానోపాధ్యాయుల గదిలో, బీరువా పై అరలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉండేది. తనిఖీకి ఎవరైనా వస్తే బల్ల మీదికి దిగేది, వారి కారు గేటు దాటగానే మళ్లీ పైకెక్కేది. తరగతిలో నేను బత్తాయి పండు చేత్తో పట్టుకుని అక్షాంశాలు చెప్పేదాన్ని. పాఠం అయ్యాక ఆ పండు ఎవరికి దక్కాలన్న తగవు తీర్చడానికి మరో పది నిమిషాలు పట్టేది.

ప్రపంచ భూగోళం అంటే మన పిల్లలకు తెలిసింది ఖాళీ పటంలో చుక్క పెట్టడం. నైలు నదిని గుర్తించండి, ఆండీస్ పర్వతాలను గుర్తించండి. చుక్క సరిగ్గా పడితే మార్కు. ఆ కొండలు అక్కడే ఎందుకున్నాయని ప్రశ్నపత్రం అడగదు కాబట్టి పిల్లలూ అడగరు. గోడ మీది పటం చూసి గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉందని నమ్మే పదో తరగతి విద్యార్థులు ప్రతి ఏడాదీ ఉండేవారు. నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు పద్నాలుగు రెట్లు. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దదే. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిస్తే ధ్రువాల వైపు భూములు సాగిపోతాయని గ్లోబు పక్కన పెట్టి చూపిస్తే అర నిమిషంలో అర్థమవుతుంది. మాటలతో చెబితే ఒక పీరియడ్ సరిపోదు.

స్థానం, ప్రదేశం, మనిషికీ పరిసరాలకూ ఉన్న సంబంధం, రాకపోకలు, ప్రాంతం అనే ఐదు అంశాల చుట్టూ భూగోళం బోధించాలని 1984లో అమెరికాలోని భౌగోళిక శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు కలిసి ఒక మార్గదర్శిక వెలువరించారు. ఈ ఐదింటినీ కంఠస్థం చేయించే మరో జాబితాగా మార్చేయగల సమర్థత మన శాఖకు ఉందని తెలిసే, కాస్త భయపడుతూనే ఈ మాట చెబుతున్నాను. వాటిని నేర్పడానికి హైదరాబాద్‌ను మించిన ప్రయోగశాల ఉండదు.

మన నగరం సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. మే 9 ప్రాంతంలోనూ ఇలాగే జరుగుతుంది కానీ అప్పుడు బడి ఉండదు. ఆగస్టులో బడి ఉంటుంది, మబ్బులూ ఉంటాయి. ఒక ఏడాది మబ్బులు కరుణించాయి. నీడ మాయమైంది పన్నెండు గంటలకు కాదు, సుమారు 12:22కి. మన గడియారాలు నడిచేది కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి. మనం దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు. లెక్క ప్రకారం పదహారు నిమిషాలే ఆలస్యం కావాలి. మిగతా ఆరు నిమిషాలు ఏమయ్యాయని వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం, దాని అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడు ఏడాది పొడవునా గడియారంతో కలిసి నడవడని చదువుకుని వచ్చి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి ప్రశ్న మరొకటి రాలేదు.

ఆ వారమే ఒక అమ్మాయి, “టీచర్, మా నాన్న సలాలాలో ఉంటారు, అక్కడ ఇప్పుడు చినుకులట. ఎడారి కదా మరి?” అంది. ఒమన్‌లోని సలాలా దాదాపు మన అక్షాంశం మీదే ఉంది. మనకు వాన తెచ్చే నైరుతి రుతుపవనాలే అక్కడి ధోఫార్ కొండలనూ తడిపి, ఎడారి పక్కనే పచ్చటి అంచు వేస్తాయి. ఆ వరుసలోనే ఇంకా పడమరకు వేలు జరిపితే కాస్త దక్షిణంగా సహారా అంచున టింబక్టూ తగులుతుంది. ఒకే వరుసలో మూడు ఊళ్లు, మూడు రకాల ఆకాశాలు. ఆ రోజు పాఠం నాన్నగారి ఫోను సంభాషణలోంచి వచ్చింది.

రాకపోకల పాఠానికైతే పుస్తకమే అక్కర్లేదు. మన నగరంలోని బార్కస్ ప్రాంతంలో ఉన్న చాలామంది పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవారు. ఏసీ గార్డ్స్ అనే పేట పేరులో ఉన్నది నిజాం కాలపు ఆఫ్రికన్ ఆశ్వికదళం. ఇరానీ చాయ్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చిందంటే మాత్రం పిల్లలు ఇప్పటికీ నమ్మరు, ఇంట్లో పెద్దలు అసలే నమ్మరు.

మనిషికీ పరిసరాలకూ ఉన్న సంబంధం చెప్పాలంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కిందికి తీసుకెళ్లాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. చెట్టు నుంచి గండిపేట కట్ట వరకు ఒక రోజు ప్రయాణం. దానికి అనుమతి కోరుతూ నేను పెట్టిన కాగితం మూడు బల్లలు తిరిగి, “సిలబస్ పూర్తి చేయండి” అనే ముక్కతో వెనక్కి వచ్చింది.

నా కోరికలు పెద్దవి కావు. ఏడాదికి రెండు రోజులు పిల్లలను బయటికి తీసుకెళ్లే అధికారం, బస్సు ఖర్చు ఉపాధ్యాయులకే ఇవ్వండి. పటాన్‌చెరులో 1972 నుంచి జొన్న, కంది, వేరుశనగల మీద పనిచేస్తున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. సముద్రానికి ఇంత దూరంలో, ప్రగతినగర్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం ఉంది. పరీక్షలో చుక్క పెట్టమన్న ప్రతి చోటా “ఎందుకు అక్కడ?” అని ఒక వాక్యం రాయించండి.

ఇక గ్లోబు. దాన్ని దాచిన ప్రధానోపాధ్యాయులను నేను తప్పుపట్టను. స్టాకు రిజిస్టరులో రాసిన వస్తువు పగిలితే సంజాయిషీ రాయాల్సింది ఆయనే. పిల్లలు వాడగా గ్లోబు పాడైతే ఎవరినీ జవాబు అడగకూడదని, దాని బదులు కొత్తది పంపుతామని ఒక ఉత్తర్వు ఇవ్వండి. రెండు వాక్యాలు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్