రీజనరేటర్ల విషయంలో మా నిర్ణయం ఎందుకు మారింది

సంగీత పరికరాలకు శుభ్రమైన కరెంటును అందించే పవర్ రీజనరేటర్ కోసం మాకు ఆర్డరు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికీ, ఇదివరకే మా దగ్గర కొన్నవారికీ ఈ సంగతి ఎవరి ద్వారానో చేరడం కంటే మేమే చెప్పడం న్యాయమని రాస్తున్నాను. ఇంతకాలం మేము సిఫారసు చేస్తూ వచ్చిన మోడల్‌ను ఇకపై అమ్మడం లేదు. ఈమధ్య వచ్చిన సరుకునంతా సరఫరాదారుకే తిప్పి పంపేశాము. దాని స్థానంలో ఏది పెట్టాలో తేల్చుకోలేక నేను తర్జనభర్జన పడడం వల్లనే మీలో కొందరికి సమాధానాలు ఆలస్యమయ్యాయి.

ఈ యంత్రం చేసే పని చాలామందికి తెలిసినదే అయినా, గొడవ అంతా దాని చుట్టూనే ఉంది కాబట్టి ఒక్కసారి చెబుతాను. స్టెబిలైజర్ వోల్టేజీని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, కానీ తరంగం ఆకారాన్ని ముట్టుకోదు. ఫిల్టరు అధిక పౌనఃపున్యాల రొదను మాత్రమే ఆపుతుంది. రీజనరేటర్ వచ్చిన ఏసీని డీసీగా మార్చి, ఆ డీసీ నుంచి సరికొత్త సైన్ తరంగాన్ని తయారుచేసి ఇస్తుంది. అంటే ఒక విధంగా అది ఒకే ఒక్క స్వరాన్ని వాయించే పెద్ద యాంప్లిఫైయర్. 230 వోల్టుల సరఫరాలో తరంగ శిఖరం 325 వోల్టుల దాకా వెళ్లాలి. అయితే ఛార్జర్లు, ఎల్ఈడీ దీపాలు, టీవీల వంటివి తమ లోపలి కెపాసిటర్లను నింపుకోవడానికి సరిగ్గా ఆ శిఖరం దగ్గరే కరెంటును గుంజుకుంటాయి. చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది కాబట్టి శిఖరం కుంగి, తరంగం పైభాగం చదునవుతుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో 150, 250 హెర్ట్జ్ హార్మోనిక్స్ (అసలు పౌనఃపున్యానికి గుణిజాలైన అదనపు తరంగాలు) వచ్చి చేరేది ఇలాగే. యూరప్‌లో సరఫరా నాణ్యతను నిర్దేశించే ఈఎన్ 50160 ప్రమాణం కూడా మొత్తం హార్మోనిక్ డిస్టార్షన్‌ను, అంటే ఆ అదనపు తరంగాల వల్ల కలిగే వికృతిని, 8 శాతం వరకు అంగీకరిస్తుంది. ఆ చదునైన తలను మళ్లీ గుండ్రంగా చేసి ఇవ్వడమే మనం రీజనరేటర్‌కు డబ్బు పెట్టడానికి కారణం.

కొత్త సరుకు వచ్చినప్పుడు పెట్టె ఎత్తగానే అనుమానం కలిగింది, అది ఇదివరకటికంటే తేలికగా ఉంది. ముందు పలక అదే, మోడల్ సంఖ్య అదే, వెనుక రాసిన సామర్థ్యం కూడా అదే. మూత విప్పి చూస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైపోయింది, హీట్ సింక్ రెక్కలు పాతవాటిలో సగం పొడవు కూడా లేవు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల వరుసలో కొన్నిచోట్ల సోల్డరు కూడా పడని ఖాళీ రంధ్రాలు కనిపించాయి. బోర్డును ఎక్కువ ట్రాన్సిస్టర్ల కోసమే గీశారు, తక్కువ బిగించి పంపారు. ఈ మార్పు గురించి మాకు ఒక్క ముక్క ముందుగా చెప్పలేదు.

దాన్ని మా దగ్గరున్న క్లాస్ ఏ యాంప్లిఫైయర్‌కు కలిపి, తరంగం ఆకారాన్ని తెర మీద చూపే ఓసిలోస్కోప్ పెట్టి చూశాము. (మేము ఇందుకు డిఫరెన్షియల్ ప్రోబ్ వాడతాము, మెయిన్స్‌ను మామూలు ప్రోబ్‌తో తాకడం ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి దయచేసి ఇంట్లో ప్రయత్నించవద్దు.) లోడు లేనప్పుడు తరంగం చూడముచ్చటగా ఉంది. యాంప్లిఫైయర్ స్విచ్ వేయగానే శిఖరం కత్తిరించినట్టు చదునైపోయింది. తీగను గోడ సాకెట్‌కు మార్చి చూస్తే అక్కడి తరంగమే ఇంతకంటే మెరుగ్గా ఉంది. ఏ జబ్బు నయం చేయడానికి ఈ యంత్రాన్ని కొంటామో, ఆ జబ్బునే అది తెచ్చిపెడుతోంది.

సరఫరాదారు జవాబు ఏమిటంటే, తమ కర్మాగారంలో హీటరు లోడుతో పరీక్షించినప్పుడు పూర్తి సామర్థ్యం వచ్చిందట. రావచ్చు, కాదనను. వెయ్యి వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని రాసిన యంత్రం 230 వోల్టుల వద్ద సుమారు 4.3 ఆంపియర్లు ఇవ్వాలి. లోడు హీటరైతే శిఖరం దగ్గర 6 ఆంపియర్లకు కొంచెం మించి అడుగుతుంది, అంతే. యాంప్లిఫైయర్ లోపల రెక్టిఫైయర్, దాని వెనుక పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అవి చక్రమంతా ఊరుకుని, శిఖరం దగ్గర మాత్రం ఒక్కసారిగా లాగుతాయి. అటువంటి లోడుకు క్రెస్ట్ ఫ్యాక్టర్ (శిఖర కరెంటు ఆర్ఎంఎస్ కరెంటుకు ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) మూడు అనుకున్నా అదే 4.3 ఆంపియర్లకు శిఖరం 13 దాకా పోతుంది. అది ఇవ్వలేకనే కొత్త యంత్రం చేతులెత్తేస్తోంది. యూపీఎస్‌ల పనితీరుకు సంబంధించిన ఐఈసీ 62040-3 ప్రమాణం రెక్టిఫైయర్, కెపాసిటరు ఉన్న లోడుతోనూ పరీక్షించమంటుంది. ఆఫీసు కంప్యూటర్ల కోసం చేసే పెట్టెకు ఉన్న ఆ పరీక్ష సంగీతం కోసం చేసే పెట్టెకు ఎందుకు వద్దో చెప్పమని అడిగాను. దానికి సమాధానం రాలేదు. బదులుగా ‘ఇన్ని దుకాణాలకు ఇచ్చాము, ఫిర్యాదు మీ ఒక్కరి నుంచే వచ్చింది, మీ కొలతలో పొరపాటు ఉండవచ్చు’ అని రాశారు.

ఆ వాక్యం నన్ను నొప్పించిందని దాచుకోవలసిన పని లేదు. వారి తొలి సరుకును కొలిచి, బాగుందని చెప్పి, మా పేరు పెట్టి మీకు అమ్మింది ఇదే పరికరంతోనే. అప్పుడు మా కొలతలు వారి ప్రచార పత్రంలోకి కూడా ఎక్కాయి. అయినా మరో ఓసిలోస్కోప్ అరువు తెచ్చి మళ్లీ చూశాను, బొమ్మ మారలేదు. తరువాత వారు ధర తగ్గిస్తామన్నారు. తగ్గించిన ధరకు నేను అమ్మితే మీలో చాలామందికి తేడా తెలిసేది కాదు; సరిగ్గా అందుకే ఒప్పుకోలేదు.

ఇక నన్ను ఎక్కువగా సతమతం చేసిన ప్రశ్న, దీని స్థానంలో ఏది పెట్టాలన్నది. మొదటి దారి, ట్రాన్సిస్టర్లను అతివేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచింగ్ పద్ధతిలో పనిచేసే పెద్ద సామర్థ్యపు యంత్రం. తేలిక, వేడెక్కదు, పెద్ద పవర్ యాంప్లిఫైయర్‌ను కూడా సులువుగా మోస్తుంది, అమ్ముకునేవాడికి ఇంతకంటే హాయైన సరుకు లేదు. మాకు వచ్చిన నమూనా తరంగ శిఖరం కూడా నిటారుగానే నిలబడింది. అయితే దాని పక్కన ఒక ఏఎం రేడియో పెడితే స్టేషను మొత్తం బుసలో మునిగిపోయింది. బాగా కట్టిన స్విచింగ్ యంత్రాలు ఉండవని నేను అనను, మాకు వచ్చినది మాత్రం అటువంటిది కాదు. రెండవ దారి, ఆన్‌లైన్ డబుల్ కన్వర్షన్ యూపీఎస్. సూత్రం ఒకటే, సామర్థ్యానికి కొదవ లేదు, కానీ ఫ్యాను ఆగదు. పియానో సోలో వింటున్న గదిలో దాన్ని ఎలా పెట్టమంటాను? మూడవది అలా ఆన్, ఆఫ్ చేయకుండా మామూలు యాంప్లిఫైయర్‌లా నడిచే పాతకాలపు లీనియర్ యంత్రం. బరువు, వేడి, సామర్థ్యం తక్కువ. ఇటువంటి యంత్రాల్లో వాడే క్లాస్ బి రకం అవుట్‌పుట్ సిద్ధాంతం ప్రకారమే 78.5 శాతం దక్షతను దాటలేదు, ఆచరణలో అంతకూడా రాదు. మిగిలినదంతా గదిలోకి వేడిగా వస్తుంది. దాని అవుట్‌పుట్ మాత్రం, దాని స్థాయికి తగిన లోడు ఉన్నంతవరకు, మేము చూసినవాటిలో అన్నిటికంటే శుభ్రంగా ఉంది.

నేను మూడవదానినే ఎంచుకున్నాను, ఒక షరతుతో: దానిని డ్యాక్ (డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ సంకేతంగా మార్చేది), ఫోనో స్టేజ్ (రికార్డు సూది నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచేది), ప్రీయాంప్లిఫైయర్, టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) వంటి చిన్న లోడులకే అమ్ముతాము. పవర్ యాంప్లిఫైయర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టుకోమనే చెబుతాము. క్షణంపాటు పదుల ఆంపియర్లు ఇవ్వగలిగే గోడను వదిలి, వాటిని ఇవ్వలేని పెట్టె ద్వారా యాంప్లిఫైయర్‌ను నడిపించడంలో నాకు అర్థం కనిపించడం లేదు. దీనివల్ల పెద్ద యంత్రాల అమ్మకం పోతుందని ఇంట్లోనూ దుకాణంలోనూ అందరూ చెప్పారు. పోనివ్వండి.

ఏసీ సింక్రనస్ మోటారు ఉన్న టర్న్‌టేబుల్ వాడేవారికి మాత్రం ఇందులో స్పష్టమైన లాభం ఉంది. ఆ మోటారు వేగం వోల్టేజీని బట్టి కాక పౌనఃపున్యాన్ని బట్టి నడుస్తుంది. 24 ధ్రువాల మోటారు 50 హెర్ట్జ్ వద్ద నిమిషానికి 250 చుట్లు తిరుగుతుంది. రీజనరేటర్‌లో పౌనఃపున్యాన్ని 67.5 హెర్ట్జ్‌కు పెంచితే, పుల్లీపై బెల్టు మార్చకుండానే 33⅓ నుంచి 45కు వెళ్లవచ్చు. డీసీ మోటారు ఉన్నవారికి ఈ సౌకర్యం వర్తించదు.

ఆర్డరు ఇచ్చినవారిలో కొందరికి అసలు ఈ యంత్రమే అవసరం లేదేమోనని నా అనుమానం. మీ బాధ వోల్టేజీ పడిపోవడం, పెరగడం మాత్రమే అయితే మంచి స్టెబిలైజర్ చాలు. స్పీకర్లలో హమ్ వస్తుంటే అది చాలాసార్లు పరికరాల మధ్య గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగలు ఒకటికి మించిన దారుల్లో కలిసి వలయంగా మారడం) వల్ల వస్తుంది, దానిని ఏ రీజనరేటరూ పోగొట్టదు. హమ్ స్పీకర్లలో కాక యాంప్లిఫైయర్ పెట్టెలోనే వినిపిస్తూ, మూతపై అరచేయి ఆనిస్తే సన్నని కంపనం తెలుస్తుంటే, మెయిన్స్‌లో కలిసిన కొద్దిపాటి డీసీ వల్ల టొరాయిడల్ (ఉంగరం ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ గురగురలాడుతూ ఉండవచ్చు. దానికి డీసీ బ్లాకర్ అనే చిన్న పరికరం సరిపోతుంది.

ఇప్పటికే మా దగ్గర కొన్నవి పాత నిర్మాణంవే కాబట్టి వాటి విషయంలో కంగారు అవసరం లేదు. వాటి వారంటీ మేమే భరిస్తాము, మరమ్మతు మా బల్ల మీదే జరుగుతుంది. ఆర్డరు ఇచ్చినవారు డబ్బు వెనక్కు తీసుకోవచ్చు, లేదా కొత్త లీనియర్ యంత్రం కోసం ఆగవచ్చు. ఆగదలచినవారు దానికి ఏయే పరికరాలు కలపబోతున్నారో రాసి పంపండి. ఆ జాబితాలో పవర్ యాంప్లిఫైయర్ ఉంటే ఆర్డరును ముందుకు కదపను, ముందు ఫోన్ చేస్తాను. మూసిన అలమారాలో పెట్టే ఉద్దేశం ఉన్నవారు కూడా చెప్పాలి, దానికి గాలి కావాలి.

పాత పేరుతో వస్తున్న ఆ తేలిక యంత్రమే కావాలనుకునేవారికి అది ఇతర దుకాణాలలో దొరుకుతుంది, ధర కూడా తగ్గిందని విన్నాను. కొన్న తరువాత మా దగ్గరకు తెస్తే మీ యాంప్లిఫైయర్‌తోనే కలిపి, మీ ఎదుటే ఉచితంగా కొలిచి చూపిస్తాను. సరఫరాదారు ప్రతినిధి రాదలచుకున్నా అదే బల్ల, అదే ఓసిలోస్కోప్ సిద్ధంగా ఉంటాయి. హీటరు మాత్రం వారే తెచ్చుకోవాలి.